దోపుకోవడం, దోచుకోవడం: ఒకే వాక్యంలో రెండూ ఇమడాలంటే

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుందాం. విదేశంలో వారాంతపు తెలుగు తరగతికి వెళ్తున్న మీ అమ్మాయికి ఒక అభ్యాసం ఇచ్చారు. బట్టలకు సంబంధించిన అర్థమూ, దొంగతనానికి సంబంధించిన అర్థమూ రెండూ ఉన్న ఒక తెలుగు మాటను తీసుకుని సొంత వాక్యాలు రాయాలి. అమ్మాయి ‘దోపు’ అనే మాటను ఎంచుకుని ఈ మూడూ రాసింది:

అమ్మ కొంగు నడుముకు దోచుకుంది.
దొంగ నగలు దోపుకున్నాడు.
తాళం వేసిన ఇంట్లో దొంగలు దోపిడీ చేశారు.

వీటిలో ఏది తప్పో, ఎందుకు తప్పో, ఎలా దిద్దాలో చెప్పమన్నారు. ఇలాంటి మాట ఇంగ్లీషులో కూడా ఉందా అని అమ్మాయి అడుగుతోందని చివర్లో రాశారు. హైస్కూలు పిల్లలకు చాలా కాలం తెలుగు వ్యాకరణం చెప్పిన అనుభవంతో జవాబిస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది. అమ్మాయి ఎంచుకున్న మాట అంత మంచిది.

మొదటి వాక్యం తప్పు. కొంగును ఎవరూ దోచుకోరు, దోపుకుంటారు. మూడో వాక్యంలో వ్యాకరణం సరిగానే ఉంది, కానీ ‘దోపిడీ’ అక్కడ సరైన మాట కాదు. రెండో వాక్యాన్ని మాత్రం దయచేసి కొట్టివేయకండి. అది నిక్షేపమైన తెలుగు వాక్యం. అయితే అమ్మాయి చెప్పాలనుకున్నది ఒకటి, వాక్యం చెబుతున్నది మరొకటి. ‘దొంగ నగలు దోపుకున్నాడు’ అంటే దొంగ ఆ నగలను తన బట్టల్లో ఎక్కడో, మొలలోనో రొంటినో, చెక్కుకున్నాడని అర్థం. ఎవరి దగ్గర ఎత్తుకొచ్చాడో ఆ వాక్యం చెప్పదు. అవి అతని భార్య నగలే కావచ్చు కూడా. అమ్మాయి కోరుకున్న రెండు అర్థాలూ కలిసే చోటుకు ఆ వాక్యం ఒక్క అడుగు దూరంలో ఆగింది.

దోపు, దోచు: వాడుకలో ఇవి రెండు వేర్వేరు క్రియలు. వాటిని అర్థాలుగా బట్టీ పట్టించడం కన్నా, ఒక్కో క్రియ ఏ ప్రశ్న అడుగుతుందో గమనించమని చెప్పండి. ‘దోపాడు’ అనగానే వినేవాడి మనసులో ‘ఎక్కడ?’, ‘ఎందులో?’ అన్న ప్రశ్న పుడుతుంది. ‘దోచాడు’ అనగానే ‘ఎవరిని?’, ‘ఎవరి దగ్గర?’ అన్న ప్రశ్న పుడుతుంది. దోపడానికి ఒక చోటు కావాలి, దోచడానికి ఒక బాధితుడు కావాలి. మీ అమ్మాయి ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే కుదురుకుంటుంది.

దోపడానికి చోటు కావాలన్నాను కదా, ఆ చోట్లు చూడండి. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంటారు. పనిలోకి దిగేటప్పుడు కొంగు నడుములో దోపుకుంటారు. వరి నాటేటప్పుడు చీర ఎగదోపుకుంటారు. పంచె కట్టిన పెద్దాయన గోచిని వెనక్కి తీసి దోపుకుంటాడు. రైతు కొడవలిని ఇంటి చూరులో దోపుతాడు. పాతకాలపు వీరుడు మొలలో బాకు దోపుకుంటాడు. మంచం సర్దేవారు దుప్పటి అంచును పరుపు కిందికి దోపుతారు. వీటన్నిటిలోనూ జరిగే పని ఒకటే: రెండిటి మధ్య ఉన్న సందులోకి ఒక వస్తువును, జారిపోకుండా నిలిచేలా, నొక్కి చొప్పించడం. బట్టలు దీనికి ముఖ్యమైన రంగం. ఎందుకంటే మన పాత కట్టు బట్టలకు బొత్తాలు లేవు, బెల్టులు లేవు. ఆరు గజాల చీరైనా ఎనిమిది మూరల పంచైనా ఒంటి మీద నిలిచేది చుట్టడం వల్ల, దోపడం వల్ల. దోపు వదులైతే కట్టే వదులవుతుంది.

ఇక్కడ ఒక విషయం. పట్టణాల్లో పెరిగిన పిల్లలు ఈ క్రియను వినడం తగ్గింది. చొక్కాను ప్యాంటులోకి దోపుకోవడాన్ని ఇప్పుడు అందరూ ‘టక్ చేసుకోవడం’ అంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ చీర కట్టుకునేటప్పుడు ‘కుచ్చిళ్ళు టక్ చెయ్యి’ అని అమ్మలు కూడా అనడం మొదలుపెడితే, పిల్లలకు ‘దోపు’ అన్న మాట వినిపించే చివరి తలుపు కూడా మూసుకుపోతుంది. మీ ఇంట్లో పండక్కి అమ్మాయికి లంగా ఓణీ వేసేటప్పుడు ‘ఓణీ కొస ఇక్కడ దోపుకోవాలి’ అని చేత్తో చూపిస్తూ ఒక్కసారి అనండి. ఆ మాట ఇక మరచిపోదు.

దోచు సంగతి వేరు. దీని కర్మగా మనిషే నేరుగా రాగలడు. ‘దారి కాచి ప్రయాణికులను దోచుకున్నారు’, ‘వడ్డీల పేరుతో రైతులను దోచుకున్నారు’, ‘బ్యాంకును దోచారు’, ‘ఊరిని దోచారు’. సొమ్ము కూడా కర్మగా వస్తుంది: ‘నగలు దోచుకున్నారు’, ‘ప్రయాణికుల నుంచి నగదు దోచుకున్నారు’. కానీ ‘దొంగిలించు’ను ఇలా వాడలేం. నగలు దొంగిలించవచ్చు, ప్రయాణికులను దొంగిలించడం కుదరదు. అలా అంటే ప్రయాణికులనే మూటగట్టి ఎత్తుకుపోయినట్టు అవుతుంది. పై తరగతుల పిల్లలు కూడా ఈ తేడా దగ్గర తడబడతారు కాబట్టి ఇప్పుడే చెప్పి ఉంచండి: పోయిన వస్తువు గురించి చెప్పేటప్పుడు దొంగిలించు, కాజేయు, అపహరించు, పోగొట్టుకున్న మనిషి గురించి చెప్పేటప్పుడు దోచు.

‘కొను’ అనే సహాయక క్రియ కూడా ఈ రెండిటి దగ్గర రెండు రకాలుగా పని చేస్తుంది. ‘దోపింది’ అంటే మరొకరికో, తన ఒంటి మీద కాక మరో చోటో దోపింది: ‘అక్క చెల్లెలి కుచ్చిళ్ళు దోపింది’. ‘దోపుకుంది’ అంటే తనకు తానే దోపుకుంది. ఇక్కడ తేడా కచ్చితంగా ఉంటుంది. ‘దోచు’ దగ్గర మాత్రం ‘దోచాడు’, ‘దోచుకున్నాడు’ రెండూ దాదాపు ఒకే అర్థంలో నడుస్తాయి. దోచేవాడు తన కోసమే దోచుకుంటాడు కదా. మరొకరి కోసం దోచినప్పుడు భాష ఇంకో మాటను తెస్తుంది: ‘దోచిపెట్టు’. ‘ప్రజాధనాన్ని గుత్తేదార్లకు దోచిపెట్టారు’ అని పత్రికల్లో తరచూ చూస్తాం. ఎవరికి లాభం కలిగిందో క్రియలోనే చెప్పేయగలిగిన ఈ సౌకర్యం తెలుగులో నాకు చాలా ఇష్టమైనవాటిలో ఒకటి.

అలాంటప్పుడు అమ్మాయి ఈ రెండిటినీ ఎందుకు కలిపేసింది? ఆమెను ‘దోపిడీ’ తికమక పెట్టింది. క్రియలో ‘చ’ ఉంది, నామవాచకంలో ‘ప’ వచ్చింది. ఇది తెలుగులో చాలా పాత పద్ధతి. చూచు - చూపు, కాచు - కాపు, ఓర్చు - ఓర్పు, నేర్చు - నేర్పు, మార్చు - మార్పు, తీర్చు - తీర్పు. అలాగే దోచు - దోపు. దాని మీద ‘ఇడి’ చేరితే దోపిడి. దీనికి అచ్చంగా జోడీ కుదిరే మాట ‘రాపిడి’: రాచు, రాపు, రాపిడి, దోచు, దోపు, దోపిడి. పుస్తకాల్లో ‘దోపిడి’ అని హ్రస్వంతోనూ, పత్రికల్లో ‘దోపిడీ’ అని దీర్ఘంతోనూ కనిపిస్తుంది. రెండూ వాడుకలో ఉన్నవే. ఒక వ్యాసంలో ఒకటే పాటిస్తే చాలు.

అంటే ‘దోపు’ అన్న రూపం రెండు దారుల్లో వచ్చింది. ఒక దారిలో అది కొంగు దోపే క్రియ. ఇంకో దారిలో అది దోచు నుంచి పుట్టిన నామవాచకం, కొల్ల అన్న అర్థంలో. ఈ రెండో దోపు ఇప్పుడు ఒంటరిగా వాడుకలో లేదు, దాని చోటును దోపిడి తీసుకుంది. కాబట్టి ‘దోపాడు’, ‘దోపి’, ‘దోపిన’, ‘దోపుకుని’ అని క్రియారూపం కనబడితే అది బట్టల వైపుది. ‘దోపిడి’, ‘దోపిడీదారు’, ‘దోపిడీదొంగ’, ‘శ్రమదోపిడి’ అని నామవాచకం కనబడితే అది సొమ్ము వైపుది. చదివేటప్పుడు ఈ గుర్తు ఒక్క చోట తప్ప ఎక్కడా మోసం చేయదు.

ఆ ఒక్క చోట ఈ రెండు దారులూ నిజంగానే కలుస్తాయి. అభ్యాసం ఇచ్చిన ఉపాధ్యాయులకు చూపిస్తే సంతోషిస్తారు. ‘చు’తో ముగిసే ధాతువులకు ప్రేరణార్థకం, అంటే మరొకరి చేత పని చేయించడాన్ని చెప్పే రూపం, చేసేటప్పుడు చాలా వరకు ‘చ’ పోయి ‘ప’ వస్తుంది: పిలుచు - పిలిపించు, నడుచు - నడిపించు, గెలుచు - గెలిపించు, మెచ్చు - మెప్పించు. అదే వరసలో దోచు - దోపించు. అటు దోపు అనే క్రియకు కూడా ప్రేరణార్థకం ‘దోపించు’ తప్ప మరొకటి రాదు. కాబట్టి ఈ రూపం వ్యాకరణం ప్రకారం రెండర్థాలకూ చెందుతుంది. ‘అత్తగారు ముత్తైదువ చేత పెళ్ళికూతురి కుచ్చిళ్ళు దోపించింది’. ‘పాలెగాడు తన మూక చేత పొరుగూరిని దోపించాడు’. మొదటిదానిలో కర్మ కుచ్చిళ్ళు, రెండోదానిలో కర్మ ఊరు. అర్థాన్ని కర్మే తేల్చింది. నేటి వాడుకలో రెండో అర్థానికి ‘దోపిడీ చేయించాడు’ అనే ఎక్కువగా అంటారని కూడా అమ్మాయికి చెప్పండి.

ఇక అమ్మాయి రెండో వాక్యం దగ్గరికి మళ్ళీ వద్దాం. అందులో లేనిది చోటు. అది చేర్చండి: ‘దొంగ నగలు రొంటిన దోపుకున్నాడు.’ ఇప్పుడు వాక్యం నిలబడింది. రొంటి అంటే నడుము దగ్గర పంచె మడత. జేబులు రాకముందు మన వాళ్ళ డబ్బు ఉండేది అక్కడే. ఆడవాళ్ళకు కొంగుముడి, మగవాళ్ళకు రొంటి, తువ్వాలు కొస. పొగాకు, తాళంచెవి, రూపాయి, అన్నీ బట్టల మడతలోనే. దొంగ చెయ్యి వెతికేది కూడా అక్కడే. సంస్కృతంలో జేబుదొంగకు ‘గ్రంథిభేదకుడు’ అని పేరు. గ్రంథి అంటే ముడి, దాన్ని విప్పేవాడో కోసేవాడో గ్రంథిభేదకుడు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం అతను తొలిసారి పట్టుబడితే వేళ్ళు నరికించమంటుంది. నేరం పేరులోనే బట్ట ముడి ఉంది. అంటే ఈ సమాజంలో దోపుకున్న చోటే దోచుకునే చోటు. ఈ సంగతి తెలిస్తే ఒకే వాక్యంలో రెండు క్రియలూ పెట్టడం కష్టం కాదు:

సంతలో ఎడ్లు అమ్మి డబ్బు రొంటిన దోపుకుని వస్తున్న రైతును దారిలో అటకాయించి దోచుకున్నారు.

ఈ వాక్యంలో ‘దోపుకుని’ దగ్గర రొంటి ఉంది, ‘దోచుకున్నారు’ దగ్గర రైతు ఉన్నాడు. ఎవరి ప్రశ్నకు వారి జవాబు పక్కనే ఉంది. రెండు క్రియల్నీ తారుమారు చేసి చదివి చూడమనండి. ‘డబ్బు రొంటిన దోచుకుని వస్తున్న రైతును దోపుకున్నారు.’ చెవికే తెలిసిపోతుంది.

బట్టలూ కొల్లా ఒకే పదంలో తారసపడే మరో చోటు తిరుమల. ‘నిలువుదోపిడి’ అనే మొక్కు గురించి మీరు వినే ఉంటారు. ఆపద తీరితే నిలువుదోపిడి ఇస్తానని మొక్కుకున్న భక్తురాలు కొండకు వచ్చి, ఆ క్షణాన ఒంటి మీద ఉన్న నగలన్నీ తీసి హుండీలో వేస్తుంది. నిలువు అంటే నిలబడ్డ మనిషి ఎత్తు, తల నుంచి కాళ్ళ వరకు. ఇదే మాట నేర వార్తల్లో కూడా వస్తుంది: ‘ఒంటరిగా వెళ్తున్న మహిళను నిలువుదోపిడి చేశారు’. మొక్కులో అది భక్తి, వార్తలో అది హింస. పదం మారలేదు, దాని వెంట వచ్చిన చిన్న క్రియ మారింది. నిలువుదోపిడి ‘ఇవ్వడం’ ఒకటి, ‘చేయడం’ ఒకటి. తెలుగులో అర్థాన్ని తేల్చేవి చాలాసార్లు ఈ చిన్న క్రియలే: ఇచ్చు, చేయు, పెట్టు, కొను. పిల్లలకు పదాల పట్టికలు ఇచ్చేటప్పుడు ఒంటరి పదాలు ఇవ్వకుండా, పదం వెంట అది తెచ్చుకునే క్రియను కూడా కలిపి ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

మూడో వాక్యం సంగతి త్వరగా చెబుతాను. తాళం వేసిన ఇంట్లో ఎవరూ లేరు, ఎవరినీ కొట్టలేదు, బెదిరించలేదు. అది దొంగతనం లేదా చోరీ. దోపిడీ అనాలంటే ఎదుట మనిషి ఉండాలి, అతన్ని కొట్టడమో కదలనివ్వకపోవడమో బెదిరించడమో జరగాలి. చట్టం కూడా ఇదే గీత గీస్తుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షను, దోపిడీ 309వ సెక్షను. ఐదుగురు లేదా అంతకు మించినవారు కలిసి దోపిడీ చేస్తే అది 310వ సెక్షను కింద బందిపోటు నేరం. పత్రికల శీర్షికల్లో ఈ మాటలు ఒకదాని బదులు ఒకటి వస్తుంటాయి, అమ్మాయి అక్కడి నుంచే తెచ్చుకుని ఉంటుంది. ‘తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు’ అని దిద్దితే సరి. ‘దొంగలు పడ్డారు’ ఎంత చక్కటి నుడికారమో గమనించండి. ‘దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయి’ అన్న సామెత చెబితే అమ్మాయికి అదీ గుర్తుంటుంది.

కొంచెం పెద్దయ్యాక పద్యాలు చదివేటప్పుడు ఆమెకు మరో చిక్కు ఎదురవుతుంది, ఇప్పుడే హెచ్చరించి పెట్టండి. పద్యాల్లో ‘మదిఁ దోఁచె’ లాంటివి కనిపిస్తాయి. అది మనసును దోచడం కాదు, మనసులో తోచడం. ‘మదిన్’ చివర ఉన్న ద్రుతం, అంటే ‘న్’ అనే నకారం, వల్ల తర్వాతి ‘త’ సరళమై ‘ద’గా మారింది. ‘తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళింది’ అన్న సామెతలో ఉన్న తోచడమే ఇది. సరళాదేశ సంధి తెలియని పాఠకుడు పద్యంలో లేని దొంగను చూస్తాడు. దీనికి పరీక్ష సులువు: పదం ముందు ద్రుతం ఉందేమో చూసి, ‘ద’ను ‘త’గా మార్చి చదవాలి. అర్థం కుదిరితే అది తోచడమే. ఆధునిక గేయాల్లో ‘మనసు దోచిన’ అంటే మాత్రం నిజమైన దోచడమే, ప్రేమ అనే అర్థంలో.

‘దోపు’ కష్టమనిపిస్తే అమ్మాయి తీసుకోదగ్గ మాటలు ఇంకా ఉన్నాయి. నాకు బాగా నచ్చేది ‘లాగు’. నామవాచకంగా లాగు అంటే పిల్లలు వేసుకునే నిక్కరు. ‘లాగూ చొక్కా’ అనే జంటమాట ఊళ్ళలో ఇప్పటికీ వినబడుతుంది. క్రియగా లాగు అంటే గుంజు. దానికి ‘కొను’ చేరితే ‘లాక్కొను’, అంటే బలవంతంగా తీసుకోవడం. ‘మెడలో గొలుసు లాక్కుపోయారు’ అని రోజూ వింటున్నాం. కొత్త చట్టం ఈ పనిని 304వ సెక్షనులో ప్రత్యేక నేరంగా పెట్టింది. ‘పెద్దపిల్లలు వాడి లాగు జేబులోంచి గోలీలు లాక్కున్నారు’ అన్న వాక్యంలో రెండర్థాలూ శ్రమ లేకుండా వచ్చాయి. ఇందులో ‘లాగు’ తర్వాత ‘జేబు’ వచ్చింది కాబట్టి అది నామవాచకం, ‘లాక్కున్నారు’లో పురుష ప్రత్యయం ఉంది కాబట్టి క్రియ. ‘నాన్నలాగా’ అన్నప్పుడు వచ్చే లాగా మూడోది, దాన్ని కలపకుండా చూడాలి.

చిన్న పిల్లలకైతే ‘టోపీ’ ఇంకా తేలిక. ‘తాత ఎండకు టోపీ పెట్టుకున్నాడు’ అంటే తలకు. ‘చీటీల వ్యాపారి అందరికీ టోపీ పెట్టి పారిపోయాడు’ అంటే మోసం. పత్రికలు దీన్నే ‘కుచ్చుటోపీ’ అంటాయి. ఇక్కడ కూడా తేడా ‘కొను’లోనే ఉంది: టోపీ పెట్టుకుంటే బట్ట, టోపీ పెడితే మోసం. అమ్మ చంటిబిడ్డకు టోపీ పెట్టిందంటే మాత్రం అది మళ్ళీ బట్టే, సందర్భం చూసుకోవాలి. ‘జేబు’ గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. జేబులు కుట్టేవాడు దర్జీ, జేబులు కొట్టేవాడు దొంగ, ఒక్క అక్షరం తేడా.

‘ఒలుచు’ మాత్రం కొంచెం బరువైన మాట. తొక్క ఒలుస్తాం, గింజలు ఒలుస్తాం. బట్టలు ఒలవడం అంటే బలవంతంగా విప్పి తీసుకోవడం. ‘వైద్యం పేరుతో నిలువునా ఒలిచేశారు’ అంటే డబ్బంతా గుంజడం. దీని వెనుక చరిత్ర ఉంది. నేత బట్ట ఖరీదైన రోజుల్లో దారిదోపిడీ చేసేవారు బట్టలు కూడా వదిలేవారు కాదు. ‘కట్టుబట్టలతో బయటపడ్డారు’ అనే మనం, ఆ కట్టుబట్టలైనా మిగిలాయి అన్న అర్థంలోనే అంటాం. ఇక ‘వస్త్రాపహరణం’ అన్న సమాసాన్ని చూడండి. గోపికల విషయంలో అది గట్టు మీద పెట్టిన చీరలు ఎత్తుకుపోవడం. ద్రౌపది విషయంలో అది నిండు సభలో ఒంటి మీది చీర లాగడం. మాట ఒకటే అయినా ఒకటి లీల, ఒకటి ఘోరం. పదో తరగతి స్థాయి పిల్లలకు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి రాయమంటే మంచి వ్యాసాలు వస్తాయి. మీ అమ్మాయి వయసుకు ఇది ఇప్పుడే వద్దు.

ఇంగ్లీషు సంగతి అడిగారు. ఉంది, పైగా మన దోపు కన్నా గట్టి ఉదాహరణ. ‘రోబ్’ అంటే పొడవాటి అంగీ, ‘రాబ్’ అంటే దోచు. ఈ రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. పాత జర్మానిక్ భాషల్లో ‘రౌబా’ అన్న మాటకు కొల్లసొమ్ము అని అర్థం. అది ఫ్రెంచిలోకి వెళ్ళి ‘రోబ్’ అయింది. మొదట కొల్లసొమ్ము, తర్వాత శత్రువు ఒంటి మీద నుంచి ఒలుచుకున్న బట్టలు, చివరకు ఏ బట్టైనా సరే. నేటి ఫ్రెంచిలో రోబ్ అంటే ఆడవాళ్ళ గౌను. స్పానిష్‌లో బట్టలను ‘రోపా’ అంటారు, దోచడాన్ని ‘రొబార్’ అంటారు. అవీ ఆ కుటుంబంవే. జర్మన్‌లో దోపిడీకి ‘రౌబ్’ అన్న మాట ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లకు ఇది చెబితే కళ్ళు మెరుస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పండి. యూరపు భాషల్లో ఒకే మాట రెండుగా చీలింది. తెలుగు లాగులోనూ దోపులోనూ మనం చూస్తున్నది ఒకే రూపంలో కనిపించే వేర్వేరు మాటలు. అక్కడి కథను తెచ్చి ఇక్కడ అతికించకూడదు.

అమ్మాయి అప్పగించాల్సిన వాక్యాలు నేనే రాసి ఇవ్వడం న్యాయం కాదు, అందుకే ఆమె రాసినవాటినే దిద్ది పంపుతున్నాను. ‘అమ్మ కొంగు నడుములో దోపుకుని పనిలోకి దిగింది.’ ‘దొంగ ఆ ఇంటివాళ్ళను బెదిరించి నగలు దోచుకుని, రొంటిన దోపుకుని పారిపోయాడు.’ ‘తాళం వేసిన ఇంట్లో దొంగలు పడి నగలు ఎత్తుకుపోయారు.’ రెండో వాక్యంలో ఆమె ఎంచుకున్న ‘దోపు’ తన చోటుతో సహా ఉంది, పక్కనే ‘దోచు’ తన బాధితులతో సహా ఉంది. ఉపాధ్యాయులు ఒక్క వాక్యమే చాలంటే ఆ రెండోదే ఇవ్వమనండి. నాలుగో వాక్యంగా ‘లాగు’తో ఆమెనే సొంతంగా ఒకటి రాయనివ్వండి. రాశాక ఇక్కడ పెడితే చూసి చెబుతాను.